నేను మింగేసిన తిట్లు

యాభై ఎనిమిదేళ్ళ వయసులో, పట్టపగలు, వెల్లింగ్టన్‌లోని ఒక ఆఫీసు గదిలో కూర్చుని నేను జీవితంలో మొదటిసారి నోరు తెరిచి బూతులు మాట్లాడాను. ఒకటీ అరా కాదు, ఒక సినిమాకి సరిపడా. గాజు తలుపు అవతల మా ఆఫీసువాళ్ళు పని మానేసి వింటున్నారు. నా చేత ఆ మాటలు పలికించింది చెవులు వినపడని ఒక అమ్మాయి. అప్పట్లో అది శిక్ష అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ అమ్మాయి మీద ముద్దూ వస్తుంది.

ఈ మధ్య ఎవరిదో పుట్టినరోజు భోజనంలో ఒక పిల్ల నా పక్కన కూర్చుంది. "ఆంటీ, మీరు క్యాప్షన్స్ రాసేవారట కదా? నేనూ అదే ఫీల్డ్‌లో జాయినయ్యాను. ఇప్పుడు సాఫ్ట్‌వేరే టైప్ చేసేస్తుంది, మేం జస్ట్ చెక్ చేస్తామంతే" అంది. ఆ "జస్ట్ చెక్" దగ్గర నా చేతిలో పూరీ ఆగిపోయింది. చెప్పాల్సిన కథ అక్కడ పదిమందిలో చెప్పలేక, ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. కాబట్టి ఇది ఆ పిల్ల కోసం, అలాంటి పని చేసే మిగతా పిల్లల కోసం.

నేను హైదరాబాద్‌లో పదిహేనేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. మా ఆయనకి ఇక్కడ ఒక గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్‌లో ఐటీ కాంట్రాక్ట్ దొరికి, ఊరి శివారున జాన్సన్‌విల్‌లో ఇల్లు తీసుకుని సెటిల్ అయ్యాం. ఇక్కడి స్కూళ్ళకి నా ఇంగ్లీషు నచ్చింది గానీ నా యాస నచ్చలేదు. చివరికి ఒక చిన్న క్యాప్షన్ కంపెనీ పిలిచి ఉద్యోగమిచ్చింది. అక్కడ నోరు విప్పే పనే లేదు, స్పెల్లింగ్ తప్పులు రాకుంటే చాలు. రోజూ జాన్సన్‌విల్ రైలెక్కి ఊళ్ళోకి వెళ్ళి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, తెర మీద మనుషులు ఏమంటే అది కింద అక్షరాల్లో పెట్టేదాన్ని, వినపడనివాళ్ళు చదువుకోవడానికి. మాటలే కాదు, చప్పుళ్ళు కూడా రాయాలి. తలుపు ధడాలున మూసుకుంది, పక్కింట్లో కుక్క మొరుగుతోంది, ఇలాంటివి.

ఈ పనిలో ఒక వెసులుబాటు ఉంది. మనిషి మాట్లాడినంత వేగంగా మనిషి చదవలేడు. అందుకని మాట మరీ జోరుగా వస్తే కొంత కత్తిరించవచ్చు, అర్థం చెడకుండా. ఈ ఒక్క నియమాన్ని గుర్తుపెట్టుకోండి. నేను చేసిన వెధవపనంతా దీని చాటునే చేశాను.

నేను రాసిన ప్రతి క్యాప్షన్‌నీ మా సీనియర్ ఒకాయన సరిచూసి సంతకం పెట్టేవాడు. తెల్లగడ్డం మనిషి, ఒకప్పుడు రేడియోలో పనిచేశాడు. శరత్కాలం రాగానే తన పెరట్లో కాసిన ఫీజోవాలు, అవి జామకాయకి దూరపు చుట్టాల్లా ఉంటాయి, సంచుల కొద్దీ తెచ్చి వద్దన్నా అందరి డెస్కుల మీదా పోసేవాడు. నా కామాలతో ఆయనకి నిత్యం యుద్ధం. "నువ్వు కామాలు కాదు, మిరియాలు చల్లుతున్నావు" అనేవాడు.

2010 తర్వాతి సంవత్సరాల్లో, ఒక చలికాలం మా దగ్గరికి ఒక బ్రిటిష్ సినిమా వచ్చింది. వినపడనివాళ్ళ సినిమా క్లబ్బు కోసం. ఆ క్లబ్బు సెక్రటరీకి పాతికేళ్ళు కూడా ఉండవు, తనకీ వినపడదు, బేకరీలో కేకుల మీద పేర్లూ పువ్వులూ వేసే పని చేసేది. ఊళ్ళో ఒక చిన్న థియేటర్ ఓనర్ వెంట పడి, పడి, విసిగించి, క్యాప్షన్లతో ఒక్క ఆట వేయడానికి ఒప్పించింది. ఓనర్ షరతు సూటిగా ఉంది: ఇది ట్రయల్. ఎవరూ గొడవ చెయ్యకపోతే నెలకో సినిమా. గొడవైతే ఇదే మొదలూ, ఇదే ఆఖరూ. ఊరంతా ఒక సినిమా గురించి మాట్లాడుకుంటూ ఉంటే, వీళ్ళు మాత్రం అది ఎప్పుడో టీవీలో వచ్చేదాకా కాచుకోవాలి. ఆ కాచుకోవడం తప్పించాలని ఆ అమ్మాయి పట్టుదల. సినిమాని కూడా తనే ఎంచుకుంది.

సినిమా సంగతి చెప్పాలి. ఇంగ్లాండులో ఉత్తరాన ఒక ఊరు, సర్కారు ఫ్లాట్లు, పదిహేనేళ్ళ పిల్ల. తల్లి ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని చేస్తుంది. పిల్లని బడిలోంచి వెళ్ళగొట్టారు. ఆ సంగతి తల్లికి చెప్పకుండా, రోజూ యూనిఫామ్ వేసుకుని బయల్దేరి, సాయంత్రం దాకా సిటీ బస్సుల్లో తిరుగుతూ ఉంటుంది. ఎవరు పలకరించినా తిడుతుంది. ఆనందమొచ్చినా తిడుతుంది, ఆకలేసినా తిడుతుంది. తల్లి అంతకు రెండాకులు ఎక్కువ చదివింది. మొదటి పది నిమిషాలు వినేసరికి నాకు చెవులు కడుక్కోవాలనిపించింది.

అప్పటికి మా ఇంట్లోనూ పదిహేడేళ్ళ పిల్ల ఉంది. గది తలుపేసుకుని ఉండేది, తలుపు తెరిస్తే పేచీ. అందుకేనేమో, తెర మీది పిల్ల నాకు మొదట చిరాకు పుట్టించి, రెండో రోజుకల్లా నా మనసులో చేరింది. పాపం, తిండి లేదు, అడిగే దిక్కు లేదు, ఇంత మొండి పిల్లలోపల ఎంత బెంగ ఉందో అనుకున్నాను. ఆ పిల్లని పదిమంది ముందు చెడ్డదానిగా నిలబెట్టడానికి నా వేళ్ళు ఒప్పుకోలేదు. ఒక బూతు తీసేశాను. వాక్యం చక్కగా రెండు లైన్లలో సరిపోయింది. ఇంకొకటి తీశాను. వాళ్ళు ఎలాగూ వేగంగానే మాట్లాడుతున్నారు, కత్తిరించడానికి నియమం ఉంది. కత్తిరించాల్సి వచ్చిన ప్రతిచోటా నా కత్తెర సరిగ్గా తిట్టు మీదే పడింది. అది కాకతాళీయమని నాకు నేను చెప్పుకున్నాను.

కథకి ఆయువుపట్టు లాంటి ఘట్టం ఒకటుంది. బడి సంగతి బయటపడ్డాక తల్లి నిలదీస్తుంది. పిల్ల తల్లి నడవడిక మీద, ఇంటికి వచ్చిపోయే మగవాళ్ళ మీద, ఒక మాట అంటుంది. కన్నకూతురు అనకూడని మాట. తల్లి చెంప పగలగొడుతుంది. నేను ఆ మాట టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైపు చేశాను. చివరికి "నా బతుకు నాది, నన్ను వదిలెయ్" అన్న అర్థం వచ్చేలా ఒకటి రాసి ఊపిరి పీల్చుకున్నాను. ఆఖరి ఘట్టంలో పిల్లని దూరంగా హాస్టలుకి పంపిస్తూ, బస్టాండులో తల్లి ఆమె కోటు గుండీలు పెడుతూ ఒక పచ్చి తిట్టు తిడుతుంది. పిల్ల అదే తిట్టు తిరిగి తిడుతుంది. ఇద్దరూ నవ్వుతారు. నేను ఇద్దరి చేతా "జాగ్రత్త" అనిపించాను.

సీనియర్ సరిచూసి ఉంటే అక్కడే నా పని పట్టేవాడు. కానీ ఆ వారం ఆయన కూతురికి నొప్పులొచ్చాయని కబురొచ్చింది. కోటు తగిలించుకుంటూనే నా కాగితం మీద సంతకం పెట్టేశాడు. "నువ్వు చేశావంటే నేను చూడక్కర్లేదు. కామాలు తప్ప" అని నవ్వి పరుగెత్తాడు. ఆ నమ్మకాన్ని నేను లైసెన్సులా వాడుకున్నాను.

ఆట రోజున నేనూ వెళ్ళాను, మెప్పు కోసమే అనుకోండి. హాలు నిండింది. వినపడనివాళ్ళతో పాటు వాళ్ళ అమ్మానాన్నలూ స్నేహితులూ, వినపడేవాళ్ళు, కొందరొచ్చారు. సెక్రటరీ పక్కన వాళ్ళమ్మ కూర్చుంది. చెంపదెబ్బ ఘట్టం రాగానే వినపడేవాళ్ళంతా ఒక్కసారి బిగుసుకుపోయారు. వినపడనివాళ్ళు తల్లి మీద మండిపడుతూ చేతులాడించారు.  ఒకే హాల్లో రెండు సినిమాలు ఆడుతున్నాయి. ఒకదాంట్లో నోటిదురుసు కూతురు తల్లిని నిలువునా కోసింది. రెండోదాంట్లో ఏ పాపమూ ఎరగని పిల్లని రాక్షసి తల్లి ఊరికే కొట్టింది. రెండో సినిమా తీసింది నేను. ఆఖరి ఘట్టంలో సెక్రటరీ వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. కూతురు ఆమె మోచెయ్యి పట్టి ఏమిటని అడిగింది. తర్వాత చెప్తాలే అన్నట్టు ఆవిడ చెయ్యి ఊపింది.

ఆట అయ్యాక సెక్రటరీ నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఫోన్‌లో టైపు చేసి చూపించేది తను. "చెంపదెబ్బకి ముందు ఆ పిల్ల ఏమంది? పెదాలు సగమే కనపడ్డాయి. నువ్వు రాసిన మాట మాత్రం కాదు."

నేను నియమం చెప్పాను. వేగం, నిడివి, రెండు లైన్లు.

ఆమె మళ్ళీ టైపు చేసింది. "బస్టాండులో ఒక్కొక్క మాటే అన్నారు. అక్కడ కూడా నిడివేనా?"

 తప్పు దొరికిపోయాక చదువుకున్నవాళ్ళం చేసే పనే చేశాను, సారీ అన్నాను. ఆమె ఇంకో వాక్యం చూపించింది. "పుట్టినప్పటి నుంచి భోజనాల బల్ల దగ్గర అందరూ నవ్వాక ఏమైందని అడుగుతాను. తర్వాత చెప్తాలే అంటారు. ఇక్కడికి టికెట్ కొనుక్కుని వచ్చాను." ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో చెప్తే మా అమ్మాయి చాలా కాలం తర్వాత గది తలుపు దానంతట అదే తెరుచుకుని బయటికొచ్చింది. "అమ్మా, నువ్వు సెన్సార్ చేశావా? సీరియస్లీ? వాళ్ళు అడల్ట్స్. చూడాలనుకుని వచ్చారు. వాళ్ళు ఏం చదవాలో చెప్పడానికి నువ్వెవరు?"

మామూలుగా అయితే దాని నోటికి తాళం వేసేదాన్ని. ఆ రోజు నాకే తాళం పడింది.

మర్నాడు సీనియర్ తిరిగొచ్చాడు, తాతయ్యాడు, ఆఫీసంతా చాక్లెట్లు పంచాడు. ఆయన చేతిలో చాక్లెట్ డబ్బా ఉండగానే నేను చెప్పేశాను. ఆయన సినిమా పెట్టుకుని, నా క్యాప్షన్లు చదువుతూ కూర్చున్నాడు. చూడటం అయ్యాక చాక్లెట్ డబ్బాకి మూత పెట్టాడు. "సంతకం నాది. థియేటర్‌కి నేను వెళ్ళి చెప్తాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. వద్దు, చేసింది నేను, వెళ్ళేదీ నేనే అన్నాను.

కానీ థియేటర్ ఓనర్ నన్ను చూడగానే చెయ్యి కలిపాడు. "భలే జరిగింది షో. ఒక్క కంప్లైంట్ లేదు. నెలనెలా వేసేద్దాం."

 ఆ అమ్మాయి ఫిర్యాదు చెయ్యలేదు! చేస్తే గొడవ కింద లెక్క, గొడవైతే ఆటలు పోతాయి. అన్నీ తెలిసి, అంత అవమానాన్నీ మింగి ఊరుకుంది. ఇప్పుడు నేనూ ఊరుకుంటే నెలకో సినిమా ఖాయం. నిజం చెప్తే తను అంతకాలం తిరిగి సాధించుకున్నది నా చేతులతో నేనే పోగొట్టినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. థియేటర్లోంచి ఏమీ చెప్పకుండా బయటపడి, గాలికి గొడుగు విరగ్గొట్టుకుని, తిన్నగా ఆమె పనిచేసే బేకరీకి పోయాను.

ఆమె నా గోడు ఓపిగ్గా చదివింది. చేతికి క్రీమ్ అంటుకుని ఉంది, అందుకని ఫోన్ తియ్యకుండా కేకు ఆర్డర్లు రాసే పుస్తకంలో రాసి చూపించింది. "నేను చెప్తే ఫిర్యాదు. నువ్వు చెప్తే రిపేరు. వెళ్ళి చెప్పు."

"ఆటలు పోతేనో?" అని రాశాను.

"సగం సినిమా నెలకొకటి చూపించినా నాకొద్దు" అని రాసి, ఆ కాగితం చింపి నా చేతిలో పెట్టి, లోపలికి పోయింది.

మళ్ళీ వెళ్ళాను. ఓనర్ అంతా విని నుదురు కొట్టుకున్నాడు. "ఎవరూ అడగకుండానే నీ తప్పు నువ్వే మోసుకొచ్చావు, నిన్నేం చెయ్యాలి?" అన్నాడు. కాసేపు గొణిగి, మంగళవారం పొద్దున పదకొండింటికి హాలు ఖాళీగానే ఉంటుందని, టికెట్ లేకుండా ఇంకోసారి వేస్తానని ఒప్పుకున్నాడు. "ఇది కూడా తేడా వస్తే మీరెవరూ మళ్ళీ నా గడప తొక్కొద్దు."

సెక్రటరీ కూడా ఒక షరతు పెట్టింది. ప్రతి లైనూ తను చూశాకే వెళ్ళాలి.

అలా వచ్చింది నేను మొదట్లో చెప్పిన రోజు. ఆమె బేకరీకి సెలవు పెట్టి మా ఆఫీసుకొచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతకు ముందు రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయిని కూర్చోబెట్టి, ఏ బూతు ఎంత ఘాటో అడిగి రాసుకున్నాను. నాకు ఇంగ్లీషులో ఎమ్మే ఉంది గానీ ఈ పాఠం మాకు లేదు. "ఇది ఫ్రెండ్స్ కూడా అనుకోవచ్చు. ఇది మాత్రం చాలా బ్యాడ్. అమ్మా, ఇది నువ్వు బయట అనకు" అని అది వివరంగా చెప్తుంటే, మా ఆయనకి చారు కొరబోయింది. "మీ ఇద్దరూ మాట్లాడుకోవాలని మొక్కుకున్నాను గానీ ఇలా కాదు" అన్నాడు.

తెర మీది మనిషి మొహం కనపడితే సెక్రటరీ పెదాలు చదివి నా అక్షరాలతో పోల్చుకునేది. వెనక్కి తిరిగి మాట్లాడితే నా వైపు చూసేది. నేను రాసి చూపించబోతే కాగితం పక్కకి నెట్టేసింది. "రాయకు. అను. ఆ పిల్ల ఎంత కోపంగా అందో అంత కోపంగా అను. అది నీ మొహంలో నాకు కనపడాలి. అప్పుడే అక్కడ ఏ మాట ఉండాలో తెలుస్తుంది."

నేను అటూ ఇటూ చూసి, చీర కొంగు సర్దుకుని, గుసగుసగా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కొంచెం గట్టిగా అన్నాను. మళ్ళీ ఊపింది. మూడోసారి నాకు నిజంగానే కోపమొచ్చి బల్ల మీద గుద్ది మరీ అన్నాను. గాజు తలుపు అవతల సీనియర్ కాఫీ కప్పు పెట్టేసి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం నవ్వలేదు. బుద్ధిగా తల ఊపి, తర్వాతి లైను చూపించింది.

చెంపదెబ్బ ఘట్టం దగ్గర ఆగాం. ఆ మాట ఆమె మొహంలోకి చూస్తూ అన్నాను. ఆమె కళ్ళు ఒక్కసారి మూసుకుని తెరిచింది. "అయితే వాళ్ళమ్మ ఊరికే కొట్టలేదు" అని టైపు చేసింది. "పాపం వాళ్ళమ్మ" అని ఇంకో ముక్క చేర్చింది. నాకు ఏడుపొచ్చింది. పిల్లని కాపాడుతున్నాననుకుని తల్లికి ఎంత అన్యాయం చేశానో అప్పుడు గానీ నాకు పూర్తిగా ఎక్కలేదు. పిల్లకీ అన్యాయమే చేశాను. అంత కోపం మోసుకు తిరిగే పిల్లని నోట్లో నాలుక లేనిదాన్ని చేసి కూర్చోబెట్టాను.

మంగళవారం దక్షిణపు గాలి, ఇక్కడ అదే చలిగాలి, అడ్డంగా వాన. పనిరోజు పొద్దున ఎవరొస్తారు? మొదటిసారి వచ్చినవాళ్ళలో నాలుగోవంతు వచ్చారు. సెక్రటరీ ముందు వరసలో ఒక్కతే కూర్చుంది. ఓనర్ వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఎక్కడ తేడా వస్తుందా అన్నట్టు నిలబడ్డాడు. నేను మధ్యలో ఎక్కడో కూర్చుని తెర చూడలేదు, మనుషుల్ని చూశాను.

చెంపదెబ్బ పడింది. ఈసారి ఎవరి చేతులూ కదల్లేదు. ఒక పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో ఆ తల్లీ కూతుళ్ళు ఇద్దరూ మనుషులయ్యారు.

ఆఖరికి బస్టాండు వచ్చింది. తల్లి పై గుండీ పెడుతూ తిట్టింది. పచ్చి తిట్టు, నేను ఒక్క అక్షరం తగ్గించని తిట్టు. వెనక ఓనర్ ఫక్కున నవ్వాడు. సరిగ్గా ఆ క్షణానే ముందున్నవాళ్ళంతా నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు కాదు, ఒకరినొకరు అడిగి కాదు, అందరూ ఒక్కసారే. నా ఉద్యోగం ఎందుకో నాకు ఆ క్షణం దాకా తెలియదు.

ముందు వరసలో సెక్రటరీ సీట్లో వెనక్కి తిరిగింది. చీకట్లో వెతికి నన్ను పట్టుకుంది. తెర వెలుగు ఆమె మొహం మీద పడుతోంది. చప్పుడు లేకుండా, నెమ్మదిగా, స్పష్టంగా, పెదాలతో నన్ను ఆ తిట్టే తిట్టింది.

నేనూ తిట్టాను. ఇంగ్లీషు నోటికి రాలేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ నాకు తల దువ్వుతూ, జడ గట్టిగా లాగి, నన్ను పిలిచిన పిలుపు వచ్చింది. "దొంగముండా" అన్నాను, అన్ని అక్షరాలూ కనపడేలా.

ఆట అయ్యాక లాబీలో ఓనర్ గోడ క్యాలెండర్ మీద తర్వాతి నెల తేదీ చుట్టూ సున్నా చుడుతున్నాడు. ఆమె అటు చూడకుండా నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించింది. "లోపల నన్నేమన్నావు? అది ఇంగ్లీషు కాదు."

నేను ఫోన్ తీసుకుని రాశాను. దొంగ అంటే ఏమిటో రాశాను. ముండ అంటే ఏమిటో, అది ఎంత పాడు మాటో, మగడు పోయినవాళ్ళ మీద ఎంత కసితో విసిరే మాటో దాచకుండా రాశాను. మా నాయనమ్మ దాన్ని నా ఒక్కదాని కోసమే వాడేదని, ఆవిడ పోయాక నన్ను మళ్ళీ అలా పిలిచినవాళ్ళు లేరని రాశాను. రెండు లైన్లలో పట్టలేదు. ఆమె పైనుంచి కిందిదాకా అంతా చదివింది.